ఓదెలు గొంతులో మార్దవం

విచారణ గదిలో ఓదెలు తిట్టాడు. అతని మెడకున్న పట్టీ మాత్రం మర్యాదగా మాట్లాడింది.

అతని దవడ బిగిసిన తీరు, మెడ నరాలు ఉబ్బిన తీరు చూసిన వాళ్ళెవరికైనా ఆ మనిషి కోపం అర్థమవుతుంది. రెండో వరసలో కూర్చున్న అతని భార్య భూలక్ష్మికైతే పెదవుల కదలికలోనే మాట మాటా తెలిసింది. "కప్పు కూలుతదని ఫోన్ల మొత్తుకున్న. ఇనకపోతివి. సదయ్యను నువ్వే సంపినవు" అన్నాడు ఓదెలు, గని మేనేజర్ వైపు వేలు చూపిస్తూ.

పట్టీలోంచి ఓదెలు పాత గొంతుతోనే వేరే మాటలు వచ్చాయి. "పైకప్పు విషయంలో నాకు కొంత ఆందోళన ఉండేది. ఆ సంగతి ఫోనులో ప్రస్తావించాను. సదయ్య మరణం చాలా బాధాకరం."

టైపిస్టు ఆ మాటలే టైపు చేసుకుంది. కంపెనీ వకీలు లేచి, అయితే ఆందోళన 'కొంత' మాత్రమేనన్న మాట, పని ఆపమని మీరు గట్టిగా చెప్పలేదన్న మాట, అని నెమ్మదిగా అడిగాడు. ఓదెలు బల్ల మీద గుద్దాడు. నోరంతా తెరిచి ఏదో అరిచాడు. "దయచేసి నా మాట మరొకసారి వినండి" అంది పట్టీ. వెనక ఎవరో నవ్వారు. ఓదెలు ఆ పట్టీని మెడ నుంచి పీకి బల్ల మీద కొట్టాడు. అది లేకపోతే అతనికి గొంతే లేదు. మెడ మీది రంధ్రంలోంచి వట్టి గాలి బుసకొట్టింది. విచారణాధికారి తల పట్టుకుని, తర్వాతి వాయిదా దసరా దాటాక అన్నాడు.

ఓదెలు ఆ బొగ్గు గనిలో ఓవర్‌మన్, షిఫ్టు పనినీ భద్రతనూ చూసుకునే మనిషి. ఒక షిఫ్టు మనుషుల ప్రాణాలు అతని కంటిమీద నడిచేవి. కప్పు నుంచి చప్పుళ్ళు వస్తున్నాయి, మనుషులను బయటికి తీస్తున్నా అని అతను ఫోన్ చేస్తే, బొగ్గు తక్కువ పడిందని మేనేజర్ పని ఆపనివ్వలేదు. ఆ పూటే కప్పు కూలి, ఆ షిఫ్టులో పనిచేసే సదయ్య పోయాడు. అతని అజాగ్రత్తే కారణమని కంపెనీ రాసేసింది. ఆ తర్వాత కొద్ది నెలలకు ఓదెలుకు గొంతు క్యాన్సరని తేలింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. విచారణ మొదలయ్యేసరికి ఉన్న ఒక్క సాక్షికి గొంతు లేకుండా పోయింది. అతను రాసిచ్చిన వాంగ్మూలం యూనియన్ వాళ్ళు రాయించిందని వకీలు ముందే కొట్టిపారేశాడు.

మెడకు పెట్టుకునే ఆ పట్టీ పేరు గళం. మనిషి మాట్లాడబోతే మెడలో, దవడలో కండరాలు కదులుతాయి కదా, గొంతు పోయినా ఆ కదలిక పోదు. పట్టీ దాన్ని చదివి మాటలు కూర్చి పలుకుతుంది. ఓదెలు యూనియన్ మీటింగుల్లో ఇచ్చిన ఉపన్యాసాల రికార్డులు దొరకడంతో దానికి అతని గొంతే పెట్టించారు. దాని సాఫ్ట్‌వేర్‌ను ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో రాసి అందరికీ ఉచితంగా వదిలారు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగు చేయొచ్చు.

బయట వరండాలో సదయ్య భార్య శ్యామల నిలబడి ఉంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. భూలక్ష్మి దగ్గరికి వచ్చి, కళ్ళలోకి చూడకుండా అడిగింది.

"అన్న ఎందుకట్ల మెత్తగైండక్కా? ఆళ్ళేమన్న మాట్లాడిన్రా మీ ఇంటికొచ్చి?"

అట్ల కాదు, ఆ యంత్రం మాట మార్చేసింది అని భూలక్ష్మి చెప్పబోయింది.

"గొంతు అన్నదేనాయె" అని శ్యామల వెళ్ళిపోయింది.

భూలక్ష్మికి ఒళ్ళంతా మండింది. ఆ పిల్ల మీద కాదు. ఎవరి మీదో తెలియని కోపం. ఎవడో ఎక్కడో కూర్చుని తన మొగుడి నోట్లో పంచదార పోశాడు. వాడెవడో తెలుసుకోవాలి.

ఆమె ఊళ్ళోని పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. ప్రోగ్రాములు బోర్డు మీద రాయడం, పిల్లలతో రాయించడం, మార్కులు వేయడం ఏళ్ళ తరబడి చేసింది గానీ తాను రాసిన ఒక్క లైనూ పరాయి మనిషికి చూపించలేదు. మరునాడు క్లాసులయ్యాక ల్యాబ్‌లో కూర్చుని గళం కోడ్ తెరిచింది. వెతకగా వెతకగా ఒక భాగం కనిపించింది. దాని పేరు మార్దవం. మనిషి మాటల్ని పైకి పలికే ముందు అది జల్లెడ పడుతుంది. తిట్టును విన్నపంగా, కేకను మనవిగా, 'చచ్చిపోతున్నా'ను 'అసౌకర్యంగా ఉంది'గా మారుస్తుంది. పనిలో పనిగా ఊరి మాటను పుస్తకం మాట చేస్తుంది.

ప్రాజెక్టు పేజీలో లోపాలు రాసే చోటు ఉంది. అక్కడ భూలక్ష్మి ఉన్న కోపమంతా కుమ్మరించింది. ఒక మనిషి సాక్ష్యం తారుమారైంది, ఒక ఆడపిల్లకు అన్యాయం జరిగింది, దీనికి ఎవరు జవాబుదారీ అని రాసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. తెలుగు విభాగం చూసే సోమయాజులు అనే ఆయన రాశాడు: "జరిగినదానికి విచారిస్తున్నాను. అయితే ఇది లోపం కాదు. ఆలోచించి పెట్టిన సదుపాయం. అందువల్ల ఈ ఫిర్యాదును మూసివేస్తున్నాను. మీ అవసరానికి మార్చుకోవాలనుకుంటే కోడ్ మీ ముందే ఉంది."

ఉంటే మార్చుకుంటా అనుకుంది పళ్ళు కొరుక్కుంటూ. మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. మార్దవాన్ని పిలిచే ఒక్క లైను కొట్టేసి, ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఓదెలు పట్టీలోకి ఎక్కించింది.

ఇంట్లో భోజనాల వేళ. ఓదెలు కంచం ముందు కూర్చున్నాడు. పక్కన ఇంటర్ చదివే కూతురు హరిణి. భూలక్ష్మి కూర వడ్డిస్తుంటే పట్టీ మాట్లాడటం మొదలుపెట్టింది. "ఉప్పుప్పుగ సచ్చింది. దీనికి ఈ జన్మల వంట రాదు." ఓదెలు ఉలిక్కిపడ్డాడు. అతను నోరే తెరవలేదు. "ఈ మొద్దుది ఫోన్లకెళ్ళి తలెత్తదు. దీనికి సదువేడ వస్తది" అంది పట్టీ, అతని గొంతుతో. హరిణి మొహం మాడిపోయింది. ఓదెలు రెండు చేతులతో పట్టీని లాగేసి, నేననలేదు, నేననలేదు అని చేతులు ఊపాడు. అతని కళ్ళలో భయం కనిపించింది.

భూలక్ష్మికి అప్పుడు అర్థమైంది. మనసులో అనుకునే మాటకూ మెడ కండరాలు సన్నగా కదులుతాయి. పైకి అనేదేదో లోపల గొణుక్కునేదేదో పట్టీకి తెలియదు. రెంటినీ పలుకుతుంది. ఆ ప్రమాదం తప్పించడానికే అన్నిటినీ కలిపి మెత్తగా చేసేశారు.

ఇంకోటి కూడా అర్థమైంది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. పట్టీ వచ్చిన ఏడాది నుంచీ ఓదెలు ఇంట్లో మంచివాడైపోయాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఒక్క మంచి మాట అనని మనిషి, "కూర రుచిగా ఉంది లక్ష్మీ" అన్నాడు. "అలసిపోయినట్టున్నావు" అన్నాడు. మొదటిసారి విన్నరోజు ఆమె వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జబ్బు మనిషిని మార్చిందనుకుంది. అతను చేతులు ఊపి చిరాకుపడ్డా, ముద్ద నములుతున్న ఆ పెదవులను చదవాలని ఆమెకు తోచలేదు. హరిణి కూడా తండ్రి పక్కన కూర్చుని కాలేజీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ తాను విన్నది ఓదెలును కాదు. పరాయి మగాడెవడో రాసిన మెచ్చుకోలు వింటూ ఏడాది బతికింది. సిగ్గుతో, కోపంతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

యూనియన్ తరపు వకీలును అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో మార్చిన యంత్రంతో సాక్ష్యం చెప్పిస్తే, భార్యే తనకు కావలసిన మాటలు పెట్టించిందంటారు. ప్రాజెక్టు వాళ్ళు అందరికీ విడుదల చేసిన గళం అయితేనే విచారణాధికారి ఒప్పుకుంటాడు. అంటే సోమయాజులు ఒప్పుకుంటే తప్ప ఓదెలుకు నోరు రాదు.

అలా భూలక్ష్మి, ఆ ప్రాజెక్టును తగలబెట్టాలన్నంత కోపంతో, ఆ ప్రాజెక్టులోనే పనికి చేరింది.

కొత్తగా వచ్చేవాళ్ళు చిన్న పనితో మొదలుపెట్టండి అని అక్కడ రాసి ఉంది. చిన్న పనికి ముందు మొత్తం కోడ్‌ను తన మిషన్ మీద నడిపించాలి. అది నడవలేదు. ఒకటి సర్దితే ఇంకొకటి విరిగేది. అందరూ మాట్లాడుకునే గ్రూపులో అడిగితే ఒకడు, ముందు సూచనల పత్రాలు చదివి రండి అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. క్లాసులో పిల్లలకు అదే మాట తానూ ఎన్నిసార్లు చెప్పిందో గుర్తొచ్చి ఇంకా మండింది. వేరే ఎవరో ఓపిగ్గా స్క్రీన్‌షాట్లు పంపి దారి చూపించారు. నడిచింది.

ఆమె మొదటి మార్పు, పట్టీ ఎలా పెట్టుకోవాలో చెప్పే పేజీలో ఒక అక్షరదోషం దిద్దడం. 'కళ్ళు' అన్న చోట 'కల్లు' అని ఉంది. దిద్ది పంపితే గంటలో ఆమోదం వచ్చింది. స్వాగతం, ధన్యవాదాలు, పక్కన పువ్వుల బొమ్మ. ఒక మనిషి చావు గురించి రాస్తే తలుపు మూశారు, ఒక అక్షరం దిద్దితే పూలు చల్లుతున్నారు. భూలక్ష్మి మౌస్‌ను బల్ల మీద విసిరి ల్యాబ్ బయటికి వెళ్ళి, కాసేపు చెట్టు కింద నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

తర్వాత మాటల పట్టికకు తమ వైపు మాటలు చేర్చింది. పాణం, గోస, జర, గత్తర, నెత్తి, సోయి, ఒకటా రెండా, గుర్తొచ్చినవన్నీ ఒక్కసారే పంపింది. సోమయాజులు తిప్పి పంపాడు. ఒక మార్పులో ఒక్క పనే ఉండాలి, ప్రతి మాట సరిగ్గా పలుకుతుందని చూపే పరీక్ష జత చేయాలి అన్నాడు. విడగొట్టి పంపింది. 'పాణం' దగ్గర మళ్ళీ ఆగింది. ప్రామాణిక రూపం 'ప్రాణం' కదా అని ఎవరో రాశారు. ఆమె జవాబు రాసింది: "మా ఆయన మెడలో కదిలింది పాణం. మధ్యలో ఆ రావత్తు ఎవరి నోట్లోది? మీదైతే మీరే ఉంచుకోండి." రెండ్రోజులకు ఆ మార్పు, ఒక్క వ్యాఖ్య లేకుండా, ఆమోదమైంది. ఆసిఫాబాద్ నుంచి ఒకాయన, మా అమ్మ పట్టీ ఇప్పుడు మా అమ్మలెక్క మాట్లాడుతున్నదని రాశాడు.

ఇదంతా పక్క దారే. అసలు పనికి ఉపాయం దొరకలేదు. పైకి అనే మాటకూ లోపలి మాటకూ తేడా యంత్రానికి ఎలా తెలియాలి? కండరాల కదలిక బలాన్ని బట్టి విడదీద్దామంటే కుదరలేదు. కోపం వస్తే లోపలి మాటకూ కండరం గట్టిగానే బిగుస్తుంది.

ఒక పొద్దున ఓదెలు గుమ్మంలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. మెడ మీది రంధ్రంలో దుమ్ము పడకుండా పల్చటి తెల్ల గుడ్డ వేలాడుతూ ఉంటుంది అతనికి. పట్టీలో ఇప్పుడు మళ్ళీ, అందరికీ విడుదలైన పాత గళమే ఉంది. "ఈ వార్త విచారకరం" అంటోంది పట్టీ, అతను లోపల ఎవరినో తిట్టుకుంటుంటే. ఇంతలో నీళ్ళ ట్యాంకర్ వాడు వీళ్ళ క్వార్టర్ దాటి పోబోయాడు. ఓదెలు తలెత్తాడు. తెల్ల గుడ్డ లోపలికి పీల్చుకుంది, ఒక్క క్షణం అలా అతుక్కుని ఆగింది. అప్పుడు పట్టీ, "బాబూ, కొంచెం ఆగుతారా" అంది.

భూలక్ష్మి చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. స్వరపేటిక లేదు, ఊపిరికీ మాటకూ ఇక సంబంధమే లేదు. అయినా పుట్టినప్పటి అలవాటు పోలేదు. పైకి చెప్పాలనుకున్న మాటకు ముందు మనిషి ఊపిరి తీసుకుంటాడు. పేపర్ మీద గొణుక్కున్నంతసేపూ ఆ గుడ్డ కదలనే లేదు.

పట్టీలో చిన్న మైకు ఉండనే ఉంది. రంధ్రంలోంచి వచ్చే గాలి చప్పుడు దానికి వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడును రొదగా లెక్కవేసి పారేస్తున్నారు. ఆమె దాన్నే పట్టుకుంది. ఊపిరి తీసి ఆపితే మాట పలకాలి, ఉన్నదున్నట్టుగా. ఊపిరి తీయకపోతే అసలు పలకకూడదు. మొదటిసారి రాసింది ఓదెలు మెట్లెక్కుతుంటే తప్పింది, ఆయాసాన్ని మాటనుకుంది. ఊపిరి ఆగే ఆ లిప్తను లెక్కలోకి తీసుకున్నాక దారిలో పడింది. ఒక్క మనిషి రికార్డులు చాలవని కరీంనగర్ వెళ్ళి, గొంతు క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళు నెలనెలా కలుసుకునే చోట బతిమాలి మరికొందరివి తెచ్చింది. అందరికీ, ఆటో నడిపే ఆయనకూ, పూలు కట్టే ముసలమ్మకూ, మాటకు ముందు అదే ఊపిరి, అదే ఆగడం.

హరిణి ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు తల్లి పక్కన కూర్చుని, ఇచారణకు కొత్తది పెట్టి ఇంట్ల పాతదే ఉంచరాదా అమ్మా అంది. నాన్న ఇట్లుంటేనే మంచిగుంది అంది. ఆ మాట భూలక్ష్మి లోపల ఎప్పటినుంచో తిరుగుతున్నదే. ఓదెలును పిలిచి అడిగింది. అతను చాలాసేపు మాట్లాడాడు, చేతులు ఊపాడు, గుండె మీద కొట్టుకున్నాడు. "ఇంట్లో కూడా నా మాటే ఉంటే నాకు సంతోషంగా ఉంటుంది" అంది పట్టీ. అతని పెదవులు చదవగలిగిన భూలక్ష్మి తల తిప్పుకుంది. అతనన్నది, "నా ఇంట్ల వేరేటోడు మాట్లాడుతుంటే నేనెందుకు బతికున్న" అని.

తన మార్పును పంపింది. అందులో మార్దవం పోలేదు. కావాలనుకుంటే పెట్టుకున్న మనిషే వేసుకోవాలి, మిగతావాళ్ళెవరూ వేయడానికి లేదు. సోమయాజులు నిరాకరించాడు. ఆమె మళ్ళీ పంపింది. ఆయన మళ్ళీ నిరాకరించి, ఒకసారి ముఖాముఖి మాట్లాడదాం అన్నాడు.

తెర మీద ఒక నెరిసిన మనిషి కనిపించాడు. విశాఖపట్నంలో ఉంటాడట. వెనక గోడంతా పుస్తకాలు. భూలక్ష్మి పలకరింపుల జోలికి పోలేదు. మీరు చేసింది సాక్ష్యం మార్చడమేనని నేరుగా అంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆ శాంతం చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

"మొదటి పట్టీ నేను మా అమ్మకే చేశానండి" అన్నాడాయన. "అప్పుడు మార్దవం లేదు. నా కూతురికి కాళ్ళు లేవు, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఒకరోజు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అమ్మ జడ వేస్తోంది. పట్టీ పలికింది, ఈ పిల్ల పుట్టకపోయినా బాగుండేది అని. అమ్మ గొంతుతోనే. దానికప్పుడు పదేళ్ళు. అది మళ్ళీ నాయనమ్మతో మాట్లాడలేదు. అమ్మ పట్టీ తీసేసింది. పోయేదాకా ఇంకొక మాట లేదు. ఇలాంటిది మరో ఇంట్లో జరగకూడదనే అదంతా రాశాను. మీకు ఒక సాక్ష్యం పోయింది. నేను కాదనను. నాకు ఎన్ని ఇళ్ళు గుర్తుకొస్తాయో మీరూ చూడండి."

భూలక్ష్మి అడిగింది, ఆ రోజు పట్టీలో నమోదైన రికార్డు మీ దగ్గర ఉందా అని. ఉందన్నాడు. ఎప్పుడూ తెరవలేదన్నాడు.

"అయితే ఇనుండ్రి. నా కోడ్ మీద నడిపిచ్చి చూడుండ్రి" అంది. "మీ అమ్మ ఆ మాట అన్నదో, మీ యంత్రం ఆమె లోపట చెయ్యివెట్టి గుంజుకొచ్చిందో తెలుస్తది. అది తెలుసుకోకుండనే మా అందరి నోళ్ళకు కుట్లేసిన్రు మీరు."

ఆయన కాల్ ఆపేశాడు. అంతమాట అనకుండా ఉండాల్సిందా అని ఆమెకు అనిపించలేదు. ఇంకా గట్టిగా అనాల్సింది అనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె క్లాసు ముగించి వచ్చేసరికి, తాను పంపిన మార్పు కింద రెండు ముక్కలు ఉన్నాయి.

"మా అమ్మ ఆ మాట అనలేదు. ఆమోదిస్తున్నాను."

దాని కింద కాసేపటికి మరో వాక్యం చేర్చాడు. ఈ భాగానికి ఇక బాధ్యులు మీరే, ఎవరైనా ఏడుస్తూ వస్తే మీ దగ్గరికే వస్తారు, సిద్ధంగా ఉండండి అని. భూలక్ష్మి ల్యాబ్‌లో కుర్చీలో కూలబడింది. సంతోషం రాలేదు. ఆ ముసలామె, ఆ చిన్నపిల్ల, చెప్పని మాటకు ఇద్దరూ అనుభవించిన ఏళ్ళు తలచుకుంటూ ఆ రెండు ముక్కలే మళ్ళీ చదివింది.

దసరా వెళ్ళాక విచారణ మళ్ళీ కూర్చుంది. అందరికీ విడుదలైన కొత్త గళం ఓదెలు మెడకు ఉంది. కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పాడు. అధికారి విడుదల కాగితాలు చూసి కాదన్నాడు. అప్పుడా వకీలు తెలివిగా ఓదెలును రెచ్చగొట్టడం మొదలుపెట్టాడు. మీకు తాగుడు అలవాటుందట కదా, మీ నోటికి జడిసి మనుషులు షిఫ్టు మార్చుకునేవారట కదా అన్నాడు. పట్టీ పిచ్చి కూతలు కూస్తుందని అతని ఆశ. ఓదెలు మెడలో కండరాలు తాళ్ళలా లేచాయి. లోపల ఎన్ని తిట్లు తిరిగాయో ఏమో, తెల్ల గుడ్డ కదలలేదు. పట్టీ నోరు మెదపలేదు.

అప్పుడు గుడ్డ లోపలికి పీల్చుకుంది.

"తాగేది నిజమే. నోరు చెడ్డది నిజమే. కప్పు కూలుతదన్నది గూడ నిజమే" అన్నాడు ఓదెలు. "ఫోన్ల చెప్పిన. మనుషులను బయటికి తీస్త అన్న. ఈ మేనేజర్, బొగ్గు తీసినంకనే మనుషులు బయటికి రావాలె అన్నడు. గదే మాట. సదయ్యను బండ సంపలే. గా మాట సంపింది. గది రాసుకోండ్రి. మెత్తగ రాయకుండ్రి."

టైపిస్టు అధికారి వైపు చూసింది. రాసుకోమన్నట్టు ఆయన తల ఊపాడు. శ్యామల లేచి నిలబడింది. ఏడవలేదు. మేనేజర్ తల ఎత్తేదాకా అతని వైపు చూస్తూ అలాగే నిలబడింది. బయటికొచ్చాక ఓదెలు చేతులు రెండూ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది. అజాగ్రత్త వల్ల చనిపోయాడని సదయ్య మీద ముందు రాసిన మాట కొట్టేశారు. తప్పు మేనేజర్‌దని రాశారు. శ్యామలకు గని పైభాగంలో ఉద్యోగం ఇచ్చారు.

సోమయాజులు చెప్పినట్టే ఫిర్యాదులు భూలక్ష్మి పేరుకే రాసాగాయి. కొన్ని నిజమైన లోపాలు. దగ్గు వస్తే మాట తెగుతోందని, చలికాలం ఊపిరి చప్పుడు అందడం లేదని. అవి సరిచేసేది. ఒకరోజు నల్గొండ వైపు నుంచి ఒకామె రాసింది: "గొంతు పోయినంక నా మొగుడు దేవుడైండనుకున్న. ఇప్పుడు మళ్ళ ఎప్పటి మనిషే. మా ఇంట్లకు ఆ నోరెందుకు తెచ్చినవు తల్లీ?" భూలక్ష్మి దాన్ని చాలాసార్లు చదివింది. మార్దవం పెట్టుకొమ్మని మీ ఆయన్నే అడగండి అని రాయబోయి తుడిచేసింది. ఏ మొగుడు పెట్టుకుంటాడు? ఫిర్యాదును మూయకుండా అలాగే ఉంచి ఇంటికి వచ్చింది.

ఓదెలు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గుడ్డ లోపలికి పీల్చుకుని ఆగింది.

"ఉప్పు నీ చేతుల ఉన్నదా, కుండల ఉన్నదా? ఎన్నేండ్లు చెప్పాలె నీకు? సదువుకున్నవట, లోకమంత నీ పేరేనట, పుల్సు జేసుడు రాదు."

హరిణి కంచం తీసుకుని లేవబోయింది. భూలక్ష్మి చేత్తో ఆపింది. గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి, ఓదెలు ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఎవరినేమన్నా, ఆయన మనసులో ఏం లేదు, మాటే అట్ల అని వాడకట్టంతా తిరిగి సర్దిచెప్పింది తానే. హరిణికి సర్దిచెప్పింది తానే. సోమయాజులు మార్దవం రాయకముందే ఈ ఇంట్లో ఆ పని తాను జీతం లేకుండా చేసింది.

"ఆళ్ళ ముందట నీ కోపం వినవడాలెనని చేసిన నేను. గది నా మీద పొయ్యడానికి కాదు" అంది. "కప్పు కూల్తదని జెప్పినోనివి, ఇంట్ల ఆడోళ్ళ నెత్తిన రోజు కూల్చినవు. ఎవడన్న ఇచారణ పెట్టిండా నీ మీద? పొల్లను మొద్దుదన్నవు. నువ్వు అనలే, లోపల అనుకున్నవ్, సరే. నన్ను అన్నయన్ని ఊపిరి తీసే అన్నవు గదా?"

ఓదెలు ముద్ద కంచంలో వదిలేశాడు. గుడ్డ లోపలికి పీల్చుకుంది. తల్లీ కూతురూ ఆ గుడ్డ వైపే చూస్తున్నారు. ఊపిరి ఆగింది, చాలాసేపు ఆగింది. పట్టీ పలకలేదు. గాలి మెల్లగా బయటికి పోయింది. మళ్ళీ పీల్చాడు.

"ఇంక జెప్పు" అన్నాడు. "అన్నీ జెప్పు. వింట."

అతను చెయ్యి కడుక్కోలేదు, లేవలేదు. భూలక్ష్మి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"పెండ్లైన మూన్నాళ్ళకు" అంది, "మీ అక్క ముందట..."